లేవగలిగినంత లేవనిద్దాం



మన ఇళ్లలో పెద్దవారితో రోజూ అనే మాట ఒకటుంది: "నువ్వు లేవకమ్మా, నేను తెచ్చిస్తాను." ఈ మాటలో ప్రేమ ఉంది, గౌరవం ఉంది, పడిపోతారేమోనన్న భయమూ ఉంది. కానీ ఆరు నెలలపాటు రోజూ పదిసార్లు ఈ మాట విన్న అమ్మ, ఏడో నెలలో లేవాలనుకున్నా లేవలేదు. అప్పుడు మనం "వయసు మీద పడింది" అంటాం. నిజానికి ఆమె కాళ్ల బలాన్ని తీసుకుపోయింది వయసు ఒక్కటే కాదు. మంచం కూడా తీసుకుపోయింది. ఆ మంచం వేసింది మన ప్రేమే.

ఈ వారం పాఠం మోకాళ్ల నొప్పులతో, నడుము నొప్పితో, పక్షవాతం తర్వాత మిగిలిన బలహీనతతో, కర్ర సాయంతో లేదా చక్రాల కుర్చీలో కాలం గడుపుతున్న మన పెద్దవారి గురించి. పూర్తిగా నడవలేనివారు కూడా శరీరాన్ని ఎలా కదిలించుకోవచ్చో, ఇంట్లోవారు ఎలా సాయపడాలో తెలుసుకుందాం. ఇది పెద్దవారు ఒక్కరే చదువుకునే పాఠం కాదు. కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, మనవలు కలిసి చదవవలసినది.

మంచం చేసే నష్టం

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అని మన సామెత. ఆస్తి గురించి చెప్పిన ఈ మాట కండరాల విషయంలోనూ అక్షరాలా నిజం. ముప్పై ఏళ్లు దాటాక మన కండ మెల్లగా తరుగుతూ వస్తుంది. అరవై దాటాక ఆ తరుగుదల వేగం పుంజుకుంటుంది. దానికి మంచం తోడైతే ఇంకా త్వరగా కరుగుతుంది. అమెరికాలో 2007లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, ఆరోగ్యంగా ఉన్న 12 మంది పెద్దవయసువారిని 10 రోజులు మంచం మీదనే ఉంచి చూశారు. ఆ పది రోజుల్లోనే వారి కాళ్లలో సుమారు ఒక కిలో కండ తగ్గిపోయింది. వారికి జబ్బు లేదు, తిండికి లోటు లేదు. లేనిదల్లా నడక.

కీళ్ల సంగతి చూడండి. మోకాలి ఎముకల చివర మెత్తటి మృదులాస్థి ఉంటుంది. దానికి సొంతంగా రక్తనాళాలు లేవు. కీలు వంగి, చాచి, బరువు పడి, బరువు తగ్గినప్పుడే చుట్టూ ఉన్న జిగట ద్రవం దానిలోకి వెళ్లి పోషిస్తుంది. అంటే కదలికే కీలుకు ఆహారం. మాడుగుల వారికి ఈ సంగతి హల్వా పెనం చూపిస్తే చాలు. గోధుమపాలు, నెయ్యి, పాకం కలిసి పొయ్యి మీద ఉన్నంతసేపూ గరిటె తిరుగుతూనే ఉండాలి. గరిటె ఆగిందా, అడుగంటుతుంది. కీలు కూడా అంతే. నొప్పిగా ఉందని నెలల తరబడి కదపకపోతే బిగుసుకుపోతుంది, బిగుసుకున్నది కదిపితే మరింత నొప్పి పెడుతుంది, నొప్పి పెట్టిందని ఇంకా కదపరు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి.

ఎప్పుడూ పడుకుని ఉండేవారిని వేధించే ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. మలబద్ధకం వస్తుంది. ఊపిరితిత్తుల అడుగున కఫం చేరి నెమ్ము చేస్తుంది. పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. వీపు మీద, తుంటి మీద ఒత్తిడి పుండ్లు పడతాయి. హఠాత్తుగా లేచినప్పుడు రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. అన్నిటికంటే పెద్దది మనసుకు కలిగే దెబ్బ. "నా వల్ల ఏ పనీ లేదు, నేను భారం" అన్న ఆలోచన మంచం మీదనే పుడుతుంది.

వయసు మించిపోయిందా?

"ఎనభై దాటాక ఇంకేం బలం వస్తుంది?" అని అడిగేవారు ఉన్నారు. 1990లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక వృద్ధుల ఆశ్రమంలో వైద్యులు ఈ ప్రశ్ననే పరీక్షించారు. 86 నుంచి 96 ఏళ్ల మధ్య వయసుగల పదిమంది పెద్దలచేత ఎనిమిది వారాలు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయించారు. అంతా వైద్యుల కళ్ల ఎదుటే. తొమ్మిదిమంది చివరిదాకా నిలిచారు. వారి తొడ కండరాల బలం సగటున రెండింతలకు మించి పెరిగింది. అడుగుకు అడుగు తాకించి నడిచే వేగం దాదాపు సగం మేర పెరిగింది. తొంభై ఏళ్ల కండరం కూడా పని చెబితే బలపడుతుందని అప్పటినుంచి వైద్యులకు సందేహం లేదు.

అంత దూరం ఎందుకు, మన విశాఖపట్నం సంగతే చూద్దాం. భౌతికశాస్త్ర ఆచార్యులు చిలుకూరి శాంతమ్మగారు 1929లో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బోధించి 1989లో పదవీ విరమణ చేశారు. రెండు మోకాళ్లకూ శస్త్రచికిత్స జరిగింది. రెండు చేతుల్లో రెండు ఊతకర్రలు పట్టుకుని నడిచేవారు. అయినా తొంభై ఏళ్లు దాటాక కూడా విశాఖ నుంచి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని విజయనగరం వెళ్లి ఒక విశ్వవిద్యాలయంలో పిల్లలకు పాఠాలు చెప్పారు. 2022లో పత్రికలు ఆమె గురించి రాసినప్పుడు ఆమెకు 93 ఏళ్లు. ఆమె మోకాళ్లు మంచివని కాదు, ఆమెకు పొద్దున్నే లేచి వెళ్లవలసిన చోటు ఒకటి ఉంది. ఆ వెళ్లవలసిన చోటు లేనప్పుడే చాలామంది పెద్దవారు మంచానికి అంటుకుపోతారు.

ఫ్రాన్సిస్ పోపుగారిని కూడా మనం చూశాం. మోకాలి నొప్పితో 2022 మే నెల నుంచి ఆయన చక్రాల కుర్చీ వాడారు. కొన్నాళ్లు చేతికర్రతో నడిచారు. ఆ స్థితిలోనే 2024 సెప్టెంబరులో, 87 ఏళ్ల వయసులో, ఇండోనేషియా, పాపువా న్యూగినియా, తూర్పు తిమోర్, సింగపూర్ దేశాలకు వెళ్లి ప్రజలను కలిశారు. కుర్చీలో కూర్చున్నందుకు ఆయన సిగ్గుపడలేదు. కర్ర పట్టుకుంటే చిన్నతనం అనుకుని ఇంట్లోనే ఉండిపోయే మన తాతలకు ఇది చెప్పాలి. కర్ర ముసలితనానికి గుర్తు కాదు, బయటికి వెళ్లడానికి తోడు.

ఎంత కదలాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 65 ఏళ్లు దాటినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలి. వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలం చేకూర్చే పని, కనీసం మూడు రోజులు తూలిపోకుండా నిలదొక్కుకునే అభ్యాసం ఉండాలి. ఈ అంకెలు విని భయపడకండి. అదే సంస్థ ఇంకో మాట కూడా చెప్పింది. అంత చేయలేనివారు తమ శక్తి ఉన్నంత మేరకు చేయాలి, ఏమీ చేయకపోవడం కంటే కొంచెం చేసినా మేలే. ఒకేసారి చేయాలనీ లేదు. పొద్దున్న 5 నిమిషాలు, మధ్యాహ్నం 5 నిమిషాలు, సాయంత్రం 5 నిమిషాలు చేసినా లెక్కలోకి వస్తుంది.

ఒక మోస్తరు శ్రమ అంటే ఎంత? కొలిచే పరికరం అక్కర్లేదు. ఆ పని చేస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పాట పాడగలిగితే ఇంకొంచెం పెంచవచ్చు. మాట కూడా రాకుండా ఆయాసం వస్తే తగ్గించాలి.

కుర్చీలో చేసే ఆరు పనులు

చేతులు గల గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. చక్రాల ప్లాస్టిక్ కుర్చీలు, ఊగే కుర్చీలు పనికిరావు. మొదటి వారం ఒక మనిషి పక్కన ఉండాలి. ఊపిరి బిగబట్టకూడదు. లెక్క పైకి చెబుతూ చేస్తే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

ఒకటి, మడమలు, వేళ్లు. రెండు పాదాలు నేల మీద ఆనించి, వేళ్లను పైకెత్తండి, దించండి. తర్వాత మడమలు ఎత్తండి, దించండి. ఇరవైసార్లు. పిక్కల్లో రక్తం కదులుతుంది, పాదాల వాపు తగ్గుతుంది.

రెండు, మోకాలు చాచడం. ఒక కాలిని ముందుకు తిన్నగా చాచి, ఐదు లెక్కపెట్టేవరకు అలాగే ఉంచి, మెల్లగా దించండి. ఒక్కో కాలికి ఎనిమిది లేక పదిసార్లు. మోకాలిని కాపాడేది తొడ ముందుభాగపు కండరమే. అది బలంగా ఉంటే కీలు మీద భారం తగ్గుతుంది.

మూడు, కూర్చున్నచోటే కవాతు. ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు పైకెత్తుతూ ఒక నిమిషం. చేతులు కూడా ఊపితే ఇంకా మంచిది.

నాలుగు, చేతులు. అరలీటరు నీళ్ల సీసాలు రెండు పట్టుకుని మోచేయి వంచి భుజం దాకా తెచ్చి దించండి. భుజాల నొప్పి లేనివారు తల పైదాకా ఎత్తవచ్చు. పదిసార్లు. తడి తువ్వాలు రెండు చేతులతో పిండితే పిడికిలికి బలం వస్తుంది. పిడికిలి బలంగా ఉంటేనే కర్ర పట్టు తప్పదు.

ఐదు, లేచి కూర్చోవడం. ఆరింటిలో ముఖ్యమైనది ఇదే. కుర్చీ అంచుకు జరిగి, పాదాలను కొంచెం వెనక్కి లాక్కుని, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేలా ముందుకు వంగి, లేవండి. అవసరమైతే కుర్చీ చేతులను నొక్కి లేవండి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మెల్లగా దిగండి. మొదట మూడుసార్లు చాలు. నెల తిరిగేసరికి పదిసార్లు చేయవచ్చు. మరుగుదొడ్డికి ఒకరి సాయం లేకుండా వెళ్లగలమా లేదా అన్నది ఈ ఒక్క బలం మీదనే ఆధారపడి ఉంది.

ఆరు, నిలబడడం. కిటికీ ఊచలు రెండు చేతులతో పట్టుకుని నిలబడండి. ఒక మంగళవార్త జపం చెప్పేంతసేపు పాదాలు దగ్గరగా ఉంచి నిలవండి. తర్వాత మడమలు ఎత్తి దించండి. అలవాటయ్యాక ఒక పాదం ముందు, ఒక పాదం వెనుక ఉంచి నిలబడండి. జపమాలను గడియారంగా మార్చమని కాదు. జపం చెప్పుకునే సమయం ఇంట్లో ఎలాగూ ఉంది కాబట్టి, ఒక రహస్యం కూర్చుని, ఒక రహస్యం నిలబడి చెప్పుకుంటే శరీరమూ ప్రార్థనలో పాలుపంచుకుంటుంది.

నొప్పి సంగతి ఎలా? కొత్తగా మొదలుపెట్టినప్పుడు కొద్దిపాటి నొప్పి, కండరాల లాగుడు సహజం. రెండు గంటలు దాటినా ఆ నొప్పి తగ్గకపోయినా, మర్నాడు ఎక్కువైనా ముందు రోజు చేసినదానిలో సగానికి తగ్గించండి. మానేయకండి.

ఎప్పుడు ఆపాలి?

గుండెలో నొప్పి లేదా బరువు, మాట రానంత ఆయాసం, కళ్లు తిరగడం, గుండె అదురు వస్తే వెంటనే ఆపి కూర్చోవాలి. అవి తగ్గకపోతే 108కి ఫోను చేయాలి. ఒక పిక్క మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పి పెట్టినా, కీలు ఎర్రబడి వేడెక్కినా డాక్టరుకు చూపించేవరకు వ్యాయామం వద్దు. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, ఇటీవల ఎముక విరిగినవారు, తుంటి లేదా మోకాలి మార్పిడి అయినవారు డాక్టరును, ఫిజియోథెరపిస్టును అడిగిన తర్వాతనే మొదలుపెట్టాలి. చక్కెర జబ్బుకు మందులు వేసుకునేవారు ఖాళీ కడుపుతో చేయకూడదు. రోజూ పాదాలు చూసుకోవాలి. స్పర్శ తెలియని పాదానికి గాయం అయినా తెలియదు.

కర్ర పట్టుకునే పద్ధతి

మనవారిలో చాలామంది నొప్పి ఉన్న కాలి వైపే కర్ర పట్టుకుంటారు. అది సరికాదు. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. నొప్పి కాలు, కర్ర కలిసి ముందుకు కదలాలి. అప్పుడే బరువు పంచుకుంటాయి. చెప్పులు తొడుక్కుని, చేయి వేలాడేసి నిలబడినప్పుడు కర్ర పిడి మణికట్టు మడత దగ్గరకు రావాలి. దొడ్డిలోంచి కోసిన వెదురు కర్ర చాలా పొడుగ్గా ఉంటే కోయించండి. అడుగున రబ్బరు బిళ్ల తప్పనిసరి. అరిగితే మార్చండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు.

పేద కుటుంబాలలోని పెద్దవారికి చేతికర్రలు, ఊతకర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కళ్లజోళ్లు ఉచితంగా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన. 2017లో ఆ పథకం మొదలైంది మన రాష్ట్రంలోనే, నెల్లూరులో. శిబిరాలు ఎప్పుడు పెడతారో సచివాలయంలో అడిగి తెలుసుకోండి. పెద్దవారి సమస్యలకు 14567 అన్న ఉచిత ఫోను నంబరు కూడా ఉంది. విచారణ యువకులు ఒక ఆదివారం ఇంటింటికీ తిరిగి ఎవరికి ఏ సాధనం అవసరమో రాసుకుంటే ఎంతో ఉపకారం చేసినవారవుతారు.

ఇల్లు సరిచేద్దాం

తూర్పు కనుమల అడుగున, పాడేరు కొండలకు దారిగా ఉన్న మాడుగుల 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. ఇటువంటి ఊళ్లలో ఇళ్ల కట్టడి ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. ఎత్తు గడపలు, మెట్టు లేని అరుగులు, ఇంటికి దూరంగా దొడ్డిలో మరుగుదొడ్డి, వానాకాలం పాకుడు పట్టిన నేల. పెద్దవారు పడేది రోడ్డు మీద కాదు, ఎక్కువగా ఇక్కడే. ఒకసారి తుంటి ఎముక విరిగితే మళ్లీ మునుపటిలా నడిచేవారు తక్కువ. కాబట్టి పడతారని కూర్చోబెట్టడం కాదు, పడకుండా దారి సిద్ధం చేయాలి.

మంచం నుంచి మరుగుదొడ్డి దాకా ఒకసారి మీరే నడిచి చూడండి, రాత్రిపూట, దీపం లేకుండా. ఎక్కడ కాలు తగిలిందో అక్కడ మార్పు అవసరం. ఆ దారిలో నడుము ఎత్తున గట్టి వెదురు గెడ కట్టండి. దాన్ని మీరు బలంగా లాగి, ఊగదని తేల్చుకున్న తర్వాతనే పెద్దవారికి అప్పగించండి. అరుగుకు అర మెట్టు కట్టించండి. రాత్రంతా చిన్న బల్బు వెలగనివ్వండి. వదులైన నులకమంచం మధ్యలో గుంటపడి ఉంటే దానిలోంచి లేవడం యువకులకే కష్టం. నులక బిగించండి, మంచం ఎత్తు మోకాలి ఎత్తుకు వచ్చేలా కాళ్ల కింద కదలని చెక్క దిమ్మలు పెట్టండి. మరుగుదొడ్డిలో గొంతుకు కూర్చోలేనివారికి మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీ కొనండి, లేదా వడ్రంగిచేత చేయించండి. వెనుక పట్టీ లేని జారుడు చెప్పులు తీసేయండి. నిద్రలేచిన వెంటనే నిలబడకుండా, మంచం అంచున కాళ్లు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు ఆడించి, అప్పుడు లేవమని చెప్పండి.

ఊరివారి మాట

ఇక్కడ ఒక సున్నితమైన సంగతి చెప్పుకోవాలి. అత్తగారు చీపురు పట్టుకున్నా, మామగారు బిందె ఎత్తినా "ముసలివాళ్లచేత పని చేయిస్తున్నారు" అని వీధిలో అంటారు. ఆ మాటకు భయపడి కోడలు వారి చేతిలోని పని లాక్కుంటుంది. కోడలిని తప్పు పట్టలేం. అనేవారిదే తప్పు. చిక్కుడుకాయలు ఒలవడం, చింతపండు గింజ తీయడం, పప్పు ఏరడం, అడ్డాకులు కుట్టడం, ఉతికిన బట్టలు మడవడం, పూలమొక్కలకు చెంబుతో నీళ్లు పోయడం, మరియమాత పటానికి దండ కట్టడం పెద్దవారికి శిక్షలు కావు. చేతులకు కదలిక, మనసుకు గౌరవం. అయితే ఇష్టపడి చేసే పని వేరు, బలవంతంగా మోపిన పని వేరు. ఇద్దరు చిన్నపిల్లలను, ఆవును, ఇంటినీ డెబ్బై ఐదేళ్ల నాయనమ్మ మీద వదిలేసి పట్నం వెళ్లడం వ్యాయామం కాదు, అన్యాయం. తేడా తెలుసుకోవడానికి ఒకటే మార్గం. వారినే అడగాలి.

కూర్చుని చేసే పనులు చేతులకు మంచివే గాని కాళ్లకు చాలవు. అందుకని గంటకొకసారైనా లేచి నాలుగడుగులు వేయాలి. మంచినీళ్ల చెంబును పక్కనే పెట్టకుండా పది అడుగుల దూరంలో పెట్టడం కూడా ఒక సాయమే. నడవగలవారి విషయంలో మాత్రమే సుమా.

పూర్తిగా మంచంలో ఉన్నవారికి

పక్షవాతంతో లేదా ఇతర జబ్బుతో లేవలేనివారిని కూడా వదిలేయకూడదు. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. రోజుకు రెండుసార్లు వారి భుజం, మోచేయి, మణికట్టు, వేళ్లు, తుంటి, మోకాలు, చీలమండ ఒక్కొక్కటిగా మెల్లగా, నొప్పి పుట్టేదాకా లాగకుండా కదపాలి. పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపకూడదు, భుజం జారుతుంది. బాగున్న చేతితో వారే చేయగలిగినది వారినే చేయనివ్వాలి. ముఖం తుడుచుకోవడం, అన్నం కలుపుకోవడం, దువ్వుకోవడం వంటివి. ఆలస్యమవుతుంది, మెతుకులు పడతాయి. పడనివ్వండి. వీలైతే రోజుకు ఒక పూట దిండ్లు ఆనించి కూర్చోబెట్టండి, కూర్చున్నవారికి లోకం కనిపిస్తుంది. కదపడం ఎలాగో ప్రభుత్వ ఆసుపత్రిలోని ఫిజియోథెరపిస్టు చేత ఒకసారి నేర్చుకుంటే ఇంట్లోవారే చేయవచ్చు.

తిండి సంగతి

వ్యాయామం ఉండి తిండి లేకపోతే కండ పెరగదు. పళ్లు లేవని చాలామంది పెద్దవారు చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటారు. అది చాలదు. రోజూ ముద్దపప్పు, గుడ్డు, పాలు లేదా పెరుగు, వీలైతే మెత్తగా ఉడికించిన చేప ఉండాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మన ప్రాంతపు చోళ్లు ఎముకలకు చాలా మంచివి. 100 గ్రాముల చోళ్లలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. చోడి అంబలి పేదల తిండి అని తీసిపారేయకండి. పొద్దుటి ఎండలో కొంతసేపు కూర్చోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం మాంసకృత్తుల విషయం డాక్టరును అడగాలి.

తపస్సు కాలంలో కొందరు అవ్వలు, తాతలు పూటలు మానేసి నీరసిస్తారు. శ్రీసభ చట్టం ప్రకారం ఉపవాస విధి 59 ఏళ్లు నిండేవరకే. ఆ తర్వాత లేదు. వారి భక్తిని గౌరవిస్తూనే ఈ సంగతి వారికి తెలియజెప్పాలి. ఉపవాసానికి బదులు ఒక రోగిని పలకరించి రావడం వారు చేయగల మంచి తపస్సు.

దేవాలయంలో

"మోకరించలేను కాబట్టి గుడికి రాను" అనే అవ్వలు ప్రతి విచారణలోనూ ఉన్నారు. ఆరోగ్యం సహకరించనివారు మోకరించనవసరం లేదని పూజా నియమాలే చెబుతున్నాయి. కూర్చునే పూజలో పాల్గొనవచ్చు. నిజంగా కదలలేనివారికి గురువులు ఇంటికి దివ్యసత్ప్రసాదం తెస్తారు. కానీ కొంచెం సాయంతో రాగలవారిని ఇంట్లో ఉంచేయడం మంచిది కాదు. వారానికి ఒకసారి చీర మార్చుకుని, నలుగురిని చూసి, నాలుగు మెట్లు ఎక్కి రావడంలో భక్తితో పాటు ఆరోగ్యమూ ఉంది. దేవాలయానికి చేతిపట్టు గల మెట్లు, పక్కన ఏటవాలు దారి, ముందువరుసలో చేతులు గల నాలుగు కుర్చీలు ఉన్నాయా అని విచారణ పెద్దలు చూడాలి.

లూకా సువార్త పదమూడవ అధ్యాయంలో పదునెనిమిది ఏండ్లుగా నడుము వంగిపోయిన స్త్రీ కనిపిస్తుంది. నిటారుగా నిలబడలేని ఆమె ఆ విశ్రాంతి దినాన ప్రార్థనామందిరంలో ఉంది. అంటే ఎలాగో ఒకలా అక్కడికి వచ్చింది. ప్రభువు ఆమెను చూశాడు, పిలిచాడు, ఆమెపై చేతులుంచాడు. అదే సువార్తలో ఎనభై నాలుగేళ్ల అన్నా ప్రవక్తి దేవాలయంలోనే ఉండి బాలయేసును చూసి, అందరికీ ఆయన గురించి చెప్పింది. ఫ్రాన్సిస్ పోపుగారు 2021లో జూలై నెల నాలుగో ఆదివారాన్ని తాతయ్యలు, అమ్మమ్మల, వృద్ధుల ప్రపంచ దినంగా నిర్ణయించారు. పునీత జ్వాకీము, అన్నమ్మల పండుగ జూలై 26కి దగ్గరలో ఉండాలనే ఆ ఆదివారాన్ని ఎంచారు. ఆ రోజు శాలువా కప్పి ఊరుకుంటే సరిపోదు. ఆ ముందు వారాలన్నీ వారిని నడిపించి ఉండాలి.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

ఈ రాత్రి భోజనాల తర్వాత నాలుగు ప్రశ్నలు వేసుకోండి. మన పెద్దవారు ఆరు నెలల క్రితం సొంతంగా చేసుకుని, ఇప్పుడు చేయని పని ఏది? ఆ పని వారు మానేశారా, మనం మాన్పించామా? మంచం నుంచి మరుగుదొడ్డి దాకా దారిలో రేపే సరిచేయగలిగినది ఏది? వారు పొద్దున్నే లేచి వెళ్లడానికి, చేయడానికి, ఎవరినైనా కలవడానికి ఏదైనా కారణం మన ఇంట్లో ఉందా?

రేపు ఉదయం అమ్మ లేవబోతుంటే "లేవకు" అనకండి. పక్కన నిలబడి, చేయి అందుబాటులో ఉంచి, ఆమె లేచేదాకా ఆగండి. నిమిషం పడుతుంది. ఆ నిమిషం ఆమెకు ఇవ్వండి.